కోడెదూడకు పాలవేళ తలతాడు మరపడం

పాడి ఉన్న ఇంట్లో పుట్టిన ఏ దూడకైనా తాడుతో తొలి పరిచయం పాలవేళే అవుతుంది. గుంజ నుంచి మెడకు కట్టిన తలుగు విప్పగానే అది ఒక్క పరుగున తల్లి పొదుగు దగ్గరకు చేరుతుంది, చన్నులు తడుముకుని రెండు గుక్కలు తాగుతుంది, ముట్టెతో పొదుగును కుమ్ముతుంది. సరిగ్గా ఆవు చేపుకు వచ్చి పాలు దిగే క్షణానికి ఎవరో ఒకరు దాని మెడతాడు పట్టి వెనక్కు లాగి, తల్లి ముందుకాళ్ల దగ్గర కట్టివేస్తారు. నోటి చుట్టూ నురగ ఆరకముందే మెడ బిగుసుకుంటుంది. ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, తల్లి వట్టిపోయేదాకా ఇదే వరుస. ఇలా పెరిగిన దూడకు తాడు అంటే పాలకు అడ్డం వచ్చేదని తప్ప మరొకటి తెలిసే అవకాశం లేదు. ఆ తరువాత ఆరో నెలలోనో ఏడాదికో దాని తలకు కొత్త తాడు తగిలించి, ఎదురుగా నిలబడి "దా, దా" అని లాగితే అది నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టి నిలుచుంటుంది. దానికి మనం మొండిఘటం అని పేరు పెడతాం. నా మటుకు నాకు అది తనకు నేర్పిన పాఠాన్ని తప్పు లేకుండా ఒప్పజెబుతోందనే అనిపిస్తుంది.

ఈ వరుసను కొంచెం మార్చి, తాడు అనేది తల్లి నుంచి విడదీసేదిగా కాక తల్లి దగ్గరకు నడిపించేదిగా దూడకు మొదట పరిచయమయ్యేటట్లు చేస్తే, తలతాడు మరపడం, అంటే తలకు వేసిన తాడు మీద నడవడం అలవాటు చేయడం, చాలా తేలిక అవుతుందని మా ఇంటి కోడెదూడ విషయంలో చూశాను. ఇందుకోసం వేరే సమయం వెచ్చించనక్కరలేదు. ఎలాగూ రెండు పూటలా పాలు పితకవలసిందే కనుక పాఠం కూడా రెండు పూటలా దానంతటదే సాగిపోతుంది.

మా ఊరు ప్రకాశం జిల్లాలో, గుండ్లకమ్మకు కొంత దూరంలో ఉన్న నల్లరేగడి పల్లె. శనగ, పొగాకు వేసే పొలాల్లో దుక్కి దున్నడం నుంచి నూర్పిడి వరకు ఇప్పుడు యంత్రాలదే పని. అయినా కొన్ని ఇళ్లలో ఒంగోలు ఆవులు మిగిలి ఉన్నాయి. పాల కోసం కొన్ని, బండలాగుడు పందేలకు గిత్తలను తయారుచేసే ముచ్చటతో కొన్ని, ఏ కారణమూ లేకుండా తాతల నాటి నుంచి ఉన్నాయి కనుక ఉంచుకున్నవి మరికొన్ని. మాది ఆఖరి రకం ఇల్లు. మా దూడ పుట్టినప్పుడు మెడ మీద, మోకాళ్ల దగ్గర లేత ఎరుపు చాయ ఉండేది. ఒంగోలు దూడల్లో ఇది మామూలే, నెలలు గడిచేకొద్దీ తెల్లబడుతుంది. పుట్టుబరువు పాతిక కిలోల చుట్టూ ఉండే ఈ జాతి కోడెదూడ ఆరు నెలలకు దాదాపు వంద కిలోలకు చేరుతుంది. నిండా ఎదిగిన గిత్త అయిదారు వందల కిలోలు తూగుతుంది. మనిషి బలంతో దూడను ఆపగలిగిన కాలం ఎంత తక్కువో ఈ లెక్కే చెబుతుంది. ఆ కాలం దాటాక దాన్ని ఆపేది దానికి ఉన్న అలవాటు మాత్రమే. కనుక ఆరో నెల వచ్చేదాకా ఆగి మొదలుపెట్టడం నాకు సమ్మతం కాదు. జున్నుపాలు తాగే రోజులు దాటి, దూడ చావిట్లో గంతులు వేయడం మొదలుపెట్టినప్పుడే చేయి అలవాటు చేయాలి, నెల తిరిగేలోగా తలకు తాడు తగలాలి.

మెడకు కట్టే తలుగుతోనే నడపవచ్చు కదా, తలకు వేరే తాడు ఎందుకని చాలామంది అడుగుతారు. మెడ, మూపు పశువుకు బలమంతా ఉన్న చోటు. కాడి వేసేది అక్కడే. మెడ మీద బరువు పడితే దాన్ని ఎదుర్కొని ముందుకు తోయడం పశువు శరీరంలోనే ఉన్న గుణం. ఆ గుణమే లేకపోతే అరకలు, బండ్లు నడిచేవే కావు. అటువంటి చోట తాడు వేసి లాగితే దూడ లాగినకొద్దీ లాగుతుంది, గొంతు నొక్కుకుపోయి దగ్గుతుంది, చివరకు ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది. తలకు వేసిన తాడు పద్ధతి వేరు. అది బలంతో పోటీ పడదు, ముఖాన్ని పక్కకు తిప్పుతుంది. ముఖం తిరిగిన వైపుకు మెడ, మెడ తిరిగిన వైపుకు భుజం, ఆ వెనుక కాళ్లు వస్తాయి. ముక్కుతాడు పనిచేసేది నొప్పితో. ముక్కు దూలంలో మెత్తని పొరను కుట్టి వేసే ఆ తాడు లేగదూడకు పనికిరాదు, సాధారణంగా ఏడాది దాటాక గాని వేయరు. అంటే మెడతాడుకూ ముక్కుతాడుకూ మధ్య ఏడాది పైచిలుకు కాలం ఖాళీగా ఉంటుంది. మన ఇళ్లలో ఆ ఏడాదిలో దూడకు పనిగట్టుకుని నేర్పేది పెద్దగా ఏమీ ఉండదు. పందేల కోసం పెంచేవారు తప్ప తలతాడు మీద దృష్టి పెట్టినవారిని మా చుట్టుపక్కల తక్కువగా చూశాను.

తాడు సంగతికి వస్తే, అంగట్లో చవకగా దొరికే నైలాన్ తాడు దూడ ముఖానికి పనికిరాదు. అది జారుతుంది, రాపిడికి వేడెక్కి దూడ చర్మాన్నీ మన అరచేతినీ కోస్తుంది. కొబ్బరి పీచు తాడు గరుకుదనానికి దవడ కింద వెంట్రుకలు రాలిపోతాయి. చిటికెనవేలు లావున పేనిన మెత్తని నూలు తాడు అన్నిటికంటె మేలు. అది దొరకనప్పుడు జనపనార తాడును నీళ్లలో నానబెట్టి, ఆరాక చేతులతో బాగా నలిపి వాడవచ్చు. తలతాడులో మూడు భాగాలు ఉంటాయి. ఒకటి చెవుల వెనుక నుంచి తల చుట్టూ పోయేది, రెండోది ముక్కు దూలం మీదుగా అడ్డంగా వచ్చేది, మూడోది దవడ కింద జారుతూ మన చేతిలోకి వచ్చేది. లాగినప్పుడు దవడ కింది భాగం బిగియాలి, వదలగానే దానంతటదే వదులు కావాలి. ఈ వదులు కావడమే ముఖ్యం. బిగిసి వదులుకాని ముడి వేసిన తలతాడు వేయడం కంటె అసలు వేయకపోవడమే నయం.

ముక్కు మీది భాగం ఎక్కడ ఆనుతోందో ప్రతిసారీ వేలితో తడిమి చూసుకోవాలి. దూడ కంటికి కొంచెం కింద నుంచి ముట్టె వైపు వేలు జరుపుతూ పోతే గట్టి ఎముక ఒక చోట ఆగిపోయి, అక్కడి నుంచి మెత్తగా వంగే మృదులాస్థి మొదలవుతుంది. తాడు ఎముక మీదే ఉండాలి, కంటికి మరీ దగ్గరగా పోయి రాచుకోకూడదు. మెత్తటి భాగం మీదకు జారితే ముక్కు రంధ్రాలు నొక్కుకుని ఊపిరి అందదు. ఊపిరి అందని దూడ భయంతో తల విసురుతుంది, దాన్ని మనం పొగరు అనుకుంటాం. తాడుకూ చర్మానికీ మధ్య రెండు వేళ్లు దూరే సందు ఉండాలి. పని అయిన వెంటనే తీసివేయడం మరచిపోకూడదు, ఎందుకంటే దూడ తల వారం వారం పెరుగుతుంది, తాడు పెరగదు. ముఖానికి వేసి వదిలేసిన తాడు చర్మంలోకి దిగి, పుండు పడి, పురుగు పట్టిన దూడలను పశువుల ఆసుపత్రి ఆవరణలో నేను చూశాను. మెడ తలుగుకూ ఇదే జాగ్రత్త కావాలి.

తాడుకంటె ముందు చేయి. తల్లి దూడను నాకేటప్పుడు గంగడోలు మీద, మెడ కింద, తోక మొదట్లో ఎక్కువసేపు నాకుతుంది. మనం వేళ్లతో గోకవలసిన చోట్లు కూడా అవే. నుదుటి మీద మాత్రం రుద్దకూడదు. కోడెదూడకు నుదురు రుద్దడం అంటే తలతో తోయడానికి పిలిచినట్లు, పసితనంలో ముద్దుగా ఉన్న ఆ తోపులాట కొమ్ములు వచ్చాక ప్రాణాల మీదకు తెస్తుంది. ఇంటికి వచ్చిన పిల్లలందరికీ ఇష్టమైన ఆట అదే కనుక వారిని వారించడమే నాకు పెద్ద పని అయింది. మెడ నుంచి మొదలుపెట్టి, చెవుల మొదళ్లు, దవడ, ముట్టె, చివరకు గిట్టల దాకా చేయి పోనిచ్చి, దూడ కదలకుండా ఉన్నప్పుడు చేయి తీసేయాలి. అది బెదిరి తల తిప్పినప్పుడు చేయి తీస్తే, తల తిప్పితే చేయి పోతుందని నేర్చుకుంటుంది. అందుకని బెదిరినప్పుడు చేయిని అలాగే ఉంచి, అది ఒక్క క్షణం నిమ్మళించగానే తీయాలి. ఆ తరువాత తాడు ముక్కను చేతిలో పట్టుకుని అవే చోట్ల రాయాలి. దూడ దాన్ని వాసన చూస్తుంది, నాలుకతో అందుకుని నములుతుంది. నమలనివ్వాలి.

ఇక పాలవేళ. మొదటి పూటల్లో దూడను గుంజ దగ్గరే ఉంచి, తలతాడు వేసి, ఆ తరువాతే తలుగు విప్పాలి. ఆకలి మీద ఉన్న దూడ కనుక అది మనిషిని ఈడ్చుకుంటూ తల్లి వైపు దూకుతుంది. అక్కడ మనం చేయవలసింది లాగడం కాదు, ఆగిపోవడం. కాళ్లు ఎడంగా పెట్టి, తాడును తుంటికి ఆనించి, కదలకుండా నిలబడాలి. తాడు బిగిసినంతసేపూ ప్రయాణం ఆగుతుంది. దూడ విసిగి ఒక అడుగు వెనక్కు వేసినా, తల మన వైపు తిప్పినా తాడు వదులవుతుంది. వదులైన మరుక్షణం మనం తల్లి వైపు అడుగు వేయాలి. మళ్లీ దూకితే మళ్లీ ఆగాలి. చావిట్లో గుంజకూ ఆవుకూ మధ్య ఉన్న దూరం పది అడుగులే అయినా తొలి పూటల్లో దానికి చాలాసేపు పడుతుంది. తల్లి ఇటు అంబా అని అరుస్తుంది, పాలు పితకడానికి కూర్చున్న మా అత్తయ్య చెంబు పట్టుకుని ఎదురుచూస్తుంది. "ఏమయ్యా, దూడను పెళ్లికొడుకులా నడిపించుకొస్తున్నావు, ఆవు చేపు ఎగబట్టేలోగా వస్తుందా రాదా?" అని ఆమె అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ నడుస్తోంది. అయితే దూడకు లెక్క అర్థం కావడానికి ఎక్కువ కాలం పట్టదు. తాడు బిగిస్తే పాలు దూరం, వదులుగా ఉంటే పాలు దగ్గర. పాలకంటె పెద్ద బహుమానం లేగదూడకు లోకంలో లేదు.

పాల దగ్గర నుంచి వెనక్కు తీసుకురావడం ఇంతకంటె కష్టమైన పని. ఇక్కడ నాకు రెండు పట్టింపులు ఉన్నాయి. దూడకు కడుపు నిండకుండా పాఠం చెప్పకూడదు. మొదటి వారాల్లో దాని బరువులో పదో వంతు పాలు రోజుకు దానికి అందాలి, అంటే ముప్పై కిలోల దూడకు మూడు లీటర్లు. పాలు పితికేవారు ఒక చన్ను దూడకు వదిలిపెట్టే పాత ఆచారంలో ఉన్నది జాలి మాత్రమే కాదు, మంచి లెక్క కూడా. రెండోది, చేపు కోసం విడిచి, మధ్యలో లాగి, ఆఖరున మళ్లీ విడిచే పద్ధతిలో ఆ మధ్య లాగుడును వీలైనంత మెత్తగా చేయాలి. దూడ నోట్లో చన్ను ఉండగా తాడు పట్టి గుంజకుండా, నోటి పక్క నుంచి వేలు పెట్టి పట్టు విడిపించి, ముఖాన్ని మన వైపు తిప్పి, తల్లి ముఖం దగ్గరకు తీసుకుపోవాలి. తల్లి నాకడం మొదలుపెట్టగానే సగం గొడవ సద్దుమణుగుతుంది. పూర్తిగా తాగాక గుంజ దగ్గరకు నడిపించేటప్పుడు అక్కడ దాని కోసం ఏదో ఒకటి సిద్ధంగా ఉండాలి. మేము గుప్పెడు తవుడులో చిన్న బెల్లం ముక్క నలిపి పెట్టేవాళ్లం, కొంచెం పెద్దదయ్యాక లేత పిల్లిపెసర మేత వేసేవాళ్లం.

నడిపించేవారు దూడకు ఎదురుగా నిలబడి ముఖంలోకి చూస్తూ లాగడం నేను చూసినంతలో అందరూ చేసే పని. పశువుకు కళ్లు తలకు రెండు పక్కలా ఉండటం వల్ల తల తిప్పకుండానే చుట్టూ దాదాపు 330 డిగ్రీల మేర కనబడుతుంది. సరిగ్గా తోక వెనుక భాగం మాత్రమే మరుగు. ఎదురుగా నిలబడిన మనిషి దానికి దారికి అడ్డంగా నిలబడినవాడే. దాని భుజం పక్కన నిలబడాలి. భుజానికి కొంచెం వెనుకగా జరిగితే అది ముందుకు కదులుతుంది, భుజం దాటి ముందుకు వస్తే ఆగుతుంది లేదా వెనక్కు తగ్గుతుంది. ఇది తెలిసినవాడికి తాడుతో పని సగం తగ్గుతుంది. మొరాయించిన దూడను తిన్నగా ముందుకు లాగితే బిగదన్నుకుంటుంది కనుక తాడును కొంచెం పక్కకు లాగాలి. తూకం తప్పి ఒక ముందుకాలు కదపక తప్పదు. ఆ ఒక్క అడుగు పడగానే తాడు వదిలి, మెడ కింద గోకాలి. వదలడం ఆలస్యమైతే ఆ అడుగు వేసినందుకే వదిలామన్న సంగతి దానికి అందదు.

కొన్ని దూడలు నిలబడి మొరాయించకుండా ఏకంగా కూలబడిపోతాయి. ఆ సమయంలో తోక మెలిపెట్టడం మన పల్లెల్లో చేతికి వచ్చిన వైద్యం. తోకలో ఉన్నది వరుసగా కూర్చిన చిన్న ఎముకలు, లేగదూడకు అవి మెలితిప్పుడుకే విరుగుతాయి. తోక వంకర పోయిన ఎద్దుల్లో కొన్నింటికి ఆ వంకర ఇలా వచ్చిందే. కూలబడిన దూడ దగ్గర తాడు వదులు చేసి ఊరక నిలబడితే కాసేపటికి దానికే విసుగు పుట్టి లేస్తుంది. లేవగానే తల్లి వైపు నడిపించాలి. ఓపిక లేని రోజున పాఠమే పెట్టుకోకూడదు, మెడ తలుగుతోనే పని కానిచ్చుకోవడం మంచిది.

మనిషి జాగ్రత్త గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. తాడును ఎప్పుడూ చేతికి చుట్టుకోకూడదు, వేళ్ల మధ్య మెలివేసుకోకూడదు, నడుముకు కట్టుకోకూడదు. మిగిలిన తాడును మడతలు మడతలుగా పేర్చి అరచేతిలో పట్టుకుంటే, దూడ ఒక్కసారి ఎగిరినప్పుడు మడతలు జారి చేయి బయటపడుతుంది. చుట్టుకున్న తాడు అలా జారదు, వేలును తీసుకుపోతుంది. చిన్న దూడే కదా అని మొదలైన అలవాటు పెద్ద గిత్త దగ్గర కూడా కొనసాగుతుంది.

దూడ తిన్నగా నడవడం నేర్చాక కట్టివేయడం నేర్పాలి. రాట గట్టిగా పాతినదై ఉండాలి, తాడు దూడ కంటి ఎత్తులో కట్టాలి, మూరెడు కంటె పొడవు వదలకూడదు. కిందకు కడితే ముందుకాలు తాడు మీదుగా దాటి చిక్కుకుంటుంది, పొడవు వదిలితే పరుగు తీసి ఆ విసురుకు మెడ పట్టేస్తుంది. ముడి ఒక్క కొస లాగితే ఊడివచ్చేదై ఉండాలి. గింజుకుంటున్న దూడ దగ్గర గోళ్లతో ముడి విప్పుకుంటూ కూర్చునే పరిస్థితి రాకూడదు. మా మామయ్య రాటకు పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి దానికి తాడు కట్టించాడు. దూడ లాగితే ట్యూబు కొంచెం సాగి మళ్లీ దగ్గరకు తెస్తుంది, దెబ్బ తగలదు, గెలుపూ దొరకదు. ఒకసారి తాడు తెంపుకుని పోయిన దూడ ప్రతి తాడునూ తెంపి చూస్తుంది కనుక ఇక్కడ పాత తాడు వాడటం పొదుపు కాదు. కట్టిన తరువాత కనుచూపు మేరలోనే ఉండాలి. చేత్తో వంటికి మాలీసు చేయడం, పీచుతో రుద్ది దుమ్ము దులపడం, గిట్టలు ఎత్తి చూడటం ఈ సమయంలో చేసుకుంటే కట్టి ఉండటం కూడా దానికి సుఖంగానే తోస్తుంది.

అరకకు పశువును మరపాలనుకునేవారు మరో సంగతి చూసుకోవాలి. దాపల, అంటే ఎడమ పక్కన, కట్టే ఎద్దుకూ వలపల, అంటే కుడి పక్కన, కట్టే ఎద్దుకూ మనిషి చేయి వేర్వేరు పక్కల అలవాటవుతుంది. కుడిచేతి వాటం వల్ల మనం ఎప్పుడూ దూడకు ఎడమ పక్కనే నడుస్తాం, అది కూడా ఆ పక్కకే అలవాటు పడి, రెండో పక్కకు ఎవరైనా వస్తే కొత్త మనిషిని చూసినట్లు ఉలిక్కిపడుతుంది. అందుచేత మొదటి నుంచే ఒక పూట ఎడమ వైపు, ఒక పూట కుడి వైపు నడవడం మేలు.

చావిడి దాటి వీధిలోకి వచ్చాక దూడకు ఎదురయ్యేవి మనం ఊహించేవి కావు. ట్రాక్టరు శబ్దానికి మా దూడ బెదరలేదు, పుట్టినప్పటి నుంచి వింటున్నదే. అది బెదిరింది సిమెంటు రోడ్డు మీద పడిన కరెంటు స్తంభం నీడకు, మురుగు కాలువ మీద వేసిన ఇనుప జాలీకి, సెంటరులో గాలికి టపటపలాడే ఫ్లెక్సీకి. పశువుకు నేల ఎత్తుపల్లాలు నడుస్తూ ఉండగా సరిగా తెలియవు, వెలుగు నీడలు కలిసిన చోట నీడ గుంటలాగే కనిపిస్తుంది. అందుకే ఆగి, తల నేలకు వంచి, బుసకొట్టి వాసన చూస్తుంది. ఆ సమయంలో తాడు వదులుగా ఇచ్చి తల వంచనివ్వాలి. బిగపట్టి లాగితే అది చూడవలసింది చూడలేక ఇంకా భయపడుతుంది. అమెరికాలో పశువుల ప్రవర్తన మీద జీవితమంతా పనిచేసిన టెంపుల్ గ్రాండిన్ అనే శాస్త్రవేత్త, పశువులు ఎక్కడ బెదురుతున్నాయో తెలుసుకోవడానికి అవి నడిచే ఇరుకు దారుల్లో స్వయంగా వాటి కంటి ఎత్తుకు వంగి నడిచి చూసేవారు. వేలాడే గొలుసు, నేల మీద మెరిసే నీటి మడుగు, కంచె మీద ఆరేసిన చొక్కా వంటివే ఆమెకు కారణాలుగా కనిపించాయి. మన వీధి అరుగు మీద కూర్చుని దూడ ఎత్తు నుంచి ఒకసారి చూసినా ఫ్లెక్సీ ఎంత పెద్దదో తెలుస్తుంది. ఎర్రగుడ్డకు కోడె రేగుతుందన్న నమ్మకం మాత్రం వదిలేయవచ్చు. పశువు కంటికి ఎరుపు మనకు కనబడినట్లు కనబడదు, అది చూసేది గుడ్డ కదలికను.

తలతాడు నేర్చిన దూడ విలువ మొదట తెలిసేది పశువైద్యుడు వచ్చిన రోజున. 2019లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద గాలికుంటు టీకా నాలుగు నెలలు దాటిన దూడల నుంచి ఏటా రెండుసార్లు వేస్తున్నారు, పెయ్యదూడలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య, ఆవులు ఈచుకుపోయేలా చేసే బ్రూసెల్లా వ్యాధికి టీకా ఒకసారి వేస్తున్నారు, చెవికి పన్నెండు అంకెల పసుపుపచ్చ ట్యాగు తగిలిస్తున్నారు. మా వీధిలో టీకాల రోజున దూడలను పట్టడానికి నలుగురు మనుషులు, రెండు మోకులు, చాలా అరుపులు కావలసి వస్తాయి. ఒక దూడ పడిపోయి మోకాళ్లు చెక్కుకుంటుంది, ఒకరి కాలి మీద గిట్ట పడుతుంది. మా దూడ తాడు వదులుగా ఉండగానే నిలబడి సూది పొడిపించుకుని, ఆ తరువాత నా చొక్కా జేబులో బెల్లం వెతికింది. ఆ డాక్టరు గారు ఏమీ అనలేదు కానీ పక్కింటివారు మరునాడు తాడు ఎక్కడ కొన్నావని అడిగారు.

ఈ పని వేరే దేశాల్లో ఎంత పట్టింపుగా చేస్తారో చూస్తే కొంచెం ఉక్రోషం వస్తుంది. మన ఒంగోలు పశువులే ఓడలెక్కి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరుతో నెలోర్ జాతిగా ఆ దేశపు మాంస పరిశ్రమకు ఆధారమయ్యాయి. ఉబెరాబా నగరంలో ఏటా జరిగే ఎక్స్‌పోజెబు ప్రదర్శనలో టన్ను బరువుకు చేరువైన నెలోర్ గిత్తలు తలతాడు మీద న్యాయనిర్ణేతల ముందు నడుస్తాయి. అమెరికాలో బ్రాహ్మన్ జాతిని తయారుచేసినప్పుడు కూడా గిర్, కాంక్రేజ్ పశువులతో పాటు ఒంగోలు రక్తం వాడారు. ఆ జాతి దూడలను అక్కడ బడి పిల్లలు తలతాడుతో నడిపించి పోటీలకు తీసుకువస్తారు. ఆ దూడలు మన దూడలకంటె బుద్ధిమంతులైనవి ఏమీ కావు, వాటికి ఎవరో సమయానికి నేర్పారు, అంతే. మన దగ్గర సంక్రాంతి సమయానికి పాల పళ్ల విభాగంలో, అంటే పాల పళ్లు ఇంకా రాలని గిత్తల పందెంలో, బండ లాగించాలన్న తొందర ఉంటుంది గాని, నిదానంగా తాడు మీద నడిచి ఆగగలిగే గిత్తను మెచ్చుకునే అలవాటు తక్కువ.

ముక్కుతాడు విషయంలో మా ఇంట్లో ఇప్పుడు వాదం నడుస్తోంది, కోడెకు అది వేయక తప్పదని మామయ్య, ఇప్పుడే వద్దని నేను. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, నిర్దేశించిన పద్ధతిలో వేసే ముక్కుతాడును హింసగా లెక్కించలేదు. 2023లో వచ్చిన పశుపోషణ పద్ధతుల నియమాలు ముక్కుతాడుకు బదులుగా ముఖానికి వేసే తాడు వంటి పద్ధతులను వాడమంటున్నాయి, వేయవలసి వస్తే నమోదైన పశువైద్యుడి చేత మత్తు ఇప్పించి వేయించమంటున్నాయి. దబ్బనంతో ముక్కు కుట్టే పని ఊళ్లలో ఇంకా పాత పద్ధతిలోనే సాగుతోంది. మామయ్య మాటను నేను కొట్టిపారేయను. జనం మధ్యలో బెదిరిన నిండు గిత్తను తలతాడుతో ఆపగలనని ఎవరైనా అంటే నేనూ నమ్మను. అయితే లేతగా ఉన్నప్పుడు తలతాడు బాగా నేర్చిన పశువుకు ముక్కుతాడు వేసినా దాన్ని లాగవలసిన అవసరం అరుదుగా వస్తుంది, అసలు నేర్చుకోని పశువుకు ముక్కుతాడు రోజూ లాగవలసి వస్తుంది.

"ఉగాది పోయాక ముక్కు కుట్టిద్దాంరా అబ్బాయ్, కోడె చేతులు దాటేలోగా" అన్నాడు మామయ్య. రెండు పళ్లు వేసేదాకా, అంటే రెండేళ్లు దాటేదాకా ఆగుదామని నేను అన్నాను. చివరకు ఆయన ఒక షరతు పెట్టాడు. రాబోయే కనుమ నాడు కొమ్ములకు రంగులు పూసి, మెడకు మువ్వల పట్టెడ కట్టి, పశువులన్నిటినీ ఊరి మధ్య నుంచి తీసుకుపోయేటప్పుడు ఈ కోడె డప్పుల పక్కన తలతాడు మీద నిలబడితే ముక్కు జోలికి రానన్నాడు. డప్పు వాయించే అబ్బాయిని సాయంత్రం పూట మా దిబ్బ అవతల నుంచి కాసేపు వాయించమని అడిగాను. అతను వాయిస్తున్నంతసేపూ దూడకు నానిన ఉలవలు పెడుతున్నాను, ఆపగానే గంప తీసేస్తున్నాను. ప్రస్తుతం అది డప్పు మోగగానే చెవులు రిక్కించి గంప కోసం చూస్తోంది. వచ్చే వారం నుంచి డప్పు దిబ్బకు ఇవతల వైపు మోగుతుంది.